34 ఏళ్లు వచ్చినా భావప్రాప్తి తెలియలేదంటే: స్వయంతృప్తి గురించి ఒక వైద్యురాలి సమాధానం

మీకు 34 ఏళ్లని, పెళ్లయి ఎనిమిదేళ్లయిందని, భర్తతో సఖ్యత బాగానే ఉన్నా భావప్రాప్తి (లైంగిక సుఖపు పరాకాష్ఠ) అంటే ఏమిటో ఇంతవరకు అనుభవంలోకి రాలేదని, ఈ మధ్య ఒంటరిగా ఉన్నప్పుడు మూడు నాలుగుసార్లు స్వయంగా ప్రయత్నిస్తే మంట తప్ప మరేమీ తెలియలేదని రాశారు. నాలో ఏదైనా లోపం ఉందా, ఇలా చేయడం వల్ల హాని ఉందా, వైబ్రేటర్ (కంపనంతో స్పర్శ కలిగించే చిన్న పరికరం) వాడవచ్చా, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. స్త్రీల వైద్యురాలిగా ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇదే ప్రశ్న నా ముందుకు ఎన్నో రూపాల్లో వచ్చింది. చాలాసార్లు మరేదో సమస్య గురించి అరగంట మాట్లాడి, లేచి తలుపు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, వెనక్కి తిరిగి అడిగిన ప్రశ్నగా వచ్చింది. మీరు అంత దాచుకోకుండా సూటిగా అడిగినందుకు నేనూ అంతే సూటిగా, వివరంగా చెబుతాను.

మీరు రాసిన వివరాల్లో శరీర లోపాన్ని సూచించేది ఏదీ నాకు కనిపించలేదు. అయితే ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. వేలు యోనిలోపలికి పెట్టి పది నిమిషాలు ప్రయత్నించానని, తడి కూడా రాలేదని, ఆ తరువాత రెండు రోజులు మంటగా ఉందని రాశారు. మీ ప్రశ్నకు జవాబు చాలావరకు ఆ వాక్యంలోనే ఉంది. సంభోగంలో పురుషుడికి ఎక్కడ సుఖం కలుగుతుందో అక్కడే స్త్రీకి కూడా కలిగి తీరాలన్న ఊహతో మనం పెరుగుతాం. ఆ ఊహతోనే ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అక్కడే వెతుకుతాం. యోని లోపలి గోడల్లో, ముఖ్యంగా లోతున, స్పర్శను గ్రహించే నాడులు తక్కువ. సుఖస్పర్శకు కేంద్రమైన అవయవం క్లిటోరిస్. తెలుగులో దీన్ని యోనిశీర్షం అంటారు. యోని పెదవులు పైభాగంలో కలిసే చోట, మూత్రద్వారానికి కొంచెం పైన, చర్మపు మడత కింద చిన్న గింజంత పరిమాణంలో కనిపించేది దాని కొన మాత్రమే. మిగిలిన భాగమంతా లోపల ఉంటుంది. రెండు కాళ్లలాంటి భాగాలు కటి ఎముకల వెంట చెరో వైపుకు వెళతాయి, రెండు ఉబ్బెత్తు కణజాలాలు యోనిద్వారానికి అటూ ఇటూ పెదవుల అడుగున అమరి ఉంటాయి. ఉద్రేకం కలిగినప్పుడు ఈ మొత్తం కణజాలంలోకి రక్తం చేరి ఉబ్బుతుంది. పురుషాంగంలో జరిగేదీ ఇదే. పిండదశలో రెండూ ఒకే మూలకణజాలం నుంచి ఏర్పడ్డాయి.

ఈ విషయం మీకు తెలియకపోవడంలో మీ తప్పేమీ లేదు. వైద్యులకే ఇది సరిగా తెలియలేదు. జర్మన్ శాస్త్రవేత్త గియోర్గ్ లుడ్విగ్ కోబెల్ట్ 1844లోనే ఈ లోపలి నిర్మాణాన్ని చక్కగా చిత్రించి ప్రచురించినా, ఆ తరువాత వచ్చిన పాఠ్యగ్రంథాల్లో చాలా వాటిలో దానికి ఒకటి రెండు వాక్యాలకు మించి చోటు దక్కలేదు. 1905లో మనోవిశ్లేషణకు ఆద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్ యోనిశీర్షం ద్వారా కలిగే సుఖం బాలికల దశకు చెందినదని, పరిణతి చెందిన స్త్రీకి యోని ద్వారానే భావప్రాప్తి కలగాలని సిద్ధాంతీకరించాడు. దానికి శరీరశాస్త్రంలో ఏ ఆధారమూ లేకపోయినా, ఆ మాట పట్టుకుని తమలోనే లోపం ఉందని నమ్మిన స్త్రీలు తరతరాలుగా ఎందరో ఉన్నారు. ఆస్ట్రేలియా యూరాలజిస్టు హెలెన్ ఒకానెల్ 1998లో శవపరీక్షల ఆధారంగా, 2005లో ఎంఆర్ఐ చిత్రాలను కూడా జోడించి పూర్తి నిర్మాణాన్ని మళ్లీ ప్రచురించే వరకు ఈ అవయవం అసలు పరిమాణం వైద్యలోకంలో పెద్దగా చర్చకు రాలేదు. 2022లో అమెరికా వైద్యురాలు మరియా ఉలోకో బృందం దానిలోని నాడీతంతువులను లెక్కించి సగటున 10,000కు పైగా ఉంటాయని ప్రకటించింది. అంత చిన్న చోట అన్ని నాడులు ఉన్నాయన్న సంగతి గుర్తుంటే, అక్కడి స్పర్శ ఎంత సున్నితంగా ఉండాలో కూడా అర్థమవుతుంది.

అమెరికాలో వెయ్యిమందికి పైగా స్త్రీలను అడిగి 2018లో ప్రచురించిన ఒక సర్వేలో, కేవలం సంభోగంతోనే భావప్రాప్తి కలుగుతుందని చెప్పినవారు సుమారు 18 శాతం మాత్రమే. దాదాపు 37 శాతం మంది యోనిశీర్షానికి స్పర్శ లేనిదే తమకు సంభోగంలో భావప్రాప్తి రాదని చెప్పారు. మీ ఎనిమిదేళ్ల అనుభవం ఈ అంకెల పక్కన పెట్టి చూడండి. అది అపురూపమైన రోగం కాదని, చాలామంది స్త్రీల శరీరం పనిచేసే తీరే అదని తెలుస్తుంది.

హాని గురించి అడిగారు. హస్తప్రయోగం వల్ల పిల్లలు పుట్టకపోవడం, నరాల బలహీనత, తెల్లబట్ట, జుట్టు రాలడం, చూపు తగ్గడం వంటివి ఏవీ రావు. ఈ భయాలకు ఒక చరిత్ర ఉంది. 1760లో స్విట్జర్లాండ్ వైద్యుడు తిస్సో రాసిన గ్రంథం స్వయంతృప్తిని సకల రోగాలకూ మూలంగా చూపింది. 1860లలో లండన్‌లో ఐజాక్ బేకర్ బ్రౌన్ అనే శస్త్రవైద్యుడు మూర్ఛ, హిస్టీరియా నయం చేస్తానంటూ స్త్రీల యోనిశీర్షాన్నే కోసి తీసేశాడు. 1867లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం అతన్ని బహిష్కరించింది. ఆ కాలపు వైద్యమే తప్పు చేసింది, ఆ తప్పుకు మూల్యం స్త్రీలు చెల్లించారు. అందుకే వైద్యురాలిగా ఈ విషయంలో మెతకగా, గోడమీద పిల్లిలా మాట్లాడకూడదని నా పట్టుదల. అమెరికా పరిశోధకుడు ఆల్ఫ్రెడ్ కిన్సీ బృందం 1953లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 5,900 మంది స్త్రీలు తమ జీవితం గురించి చెప్పారు. వారిలో 62 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు స్వయంతృప్తి పొందినవారే. ఎవరూ పైకి చెప్పని రోజుల్లో వచ్చిన లెక్క అది. ఎంత తరచుగా చేయవచ్చనే దానికి వైద్యపరమైన పరిమితి లేదు. పనులు, నిద్ర, మనుషులతో సంబంధాలు దెబ్బతినేంతగా మనసు దానిచుట్టూనే తిరుగుతున్నా, చర్మం ఒరుసుకుపోతున్నా ఆగి ఆలోచించాలి. మీ విషయంలో మొదటిది లేదు. మీకు వచ్చిన మంట తడి లేని చోట రాపిడి వల్ల వచ్చినదే.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. నా సలహా అద్దంతో మొదలుపెట్టమని. కొన్నేళ్ల క్రితం ఒక ఉపాధ్యాయురాలు నా దగ్గరికి వచ్చారు, వయసు 41, ఇద్దరు పిల్లల తల్లి. తన యోని పెదవులు వంకరగా, ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా ఉన్నాయని, ఆపరేషన్ చేయించుకోవాలని అడిగారు. పరీక్ష బల్ల మీద వెనక్కి ఆనుకుని కూర్చోబెట్టి, చేతికి ఒక చిన్న అద్దం ఇచ్చి, లైటు అటు తిప్పి, ఒక్కొక్క భాగం వేలితో చూపిస్తూ పేరు చెప్పాను. ఇది బయటి పెదవి, ఇది లోపలి పెదవి, ఇది మూత్రద్వారం, ఈ మడత కొంచెం పైకి జరిపితే కనిపించేది యోనిశీర్షం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత నెమ్మదిగా, "ఇద్దరు పిల్లల్ని కన్నాను, దీన్ని ఇవాళే చూస్తున్నాను డాక్టరుగారూ" అన్నారు. ఆపరేషన్ మాట మళ్లీ ఎత్తలేదు. లోపలి పెదవులు రెండూ సమానంగా ఉండే స్త్రీలు తక్కువే. రంగు గులాబీ నుంచి ముదురు గోధుమ, నలుపు దాకా ఏదైనా సహజమే. మీరు కూడా స్నానం అయ్యాక, తలుపు గడియ వేసుకుని, మంచి వెలుతురులో అద్దం పట్టుకుని చూడండి. ఆ రోజు ఇంకేమీ చేయనక్కర్లేదు. ఎక్కడ ఏముందో తెలియడం ఒక్కటే ఆ రోజు పని.

శరీరం కంటే ముందు మనసుకు చోటు కావాలి. కోరిక దానంతట అదే పుట్టి, తరువాత శరీరం స్పందించాలని చాలామంది అనుకుంటారు. 2000లో కెనడా వైద్యురాలు రోజ్‌మేరీ బాసన్ స్త్రీల కోరిక గురించి రాస్తూ, చాలామంది విషయంలో క్రమం తిరగబడి ఉంటుందని వివరించారు. హాయి కలిగించే స్పర్శ, తీరిక, భద్రత ముందుగా ఉంటే, వాటికి ప్రతిస్పందనగా కోరిక వెనకాల వస్తుందన్నమాట. కాబట్టి మొదలుపెట్టేటప్పుడు ఏ కోరికా లేకపోతే కంగారు పడనవసరం లేదు. ఇదే విషయాన్ని బాన్‌క్రాఫ్ట్, జాన్సెన్ అనే పరిశోధకులు మరోలా చెప్పారు. మెదడులో ఉద్రేకాన్ని పెంచే వ్యవస్థ ఒకటి, అణచే వ్యవస్థ ఒకటి విడివిడిగా పనిచేస్తాయి; బండికి యాక్సిలరేటరు, బ్రేకు ఉన్నట్టు. ఎవరైనా వస్తారేమోనన్న భయం, ఇది పాపమేమోనన్న అనుమానం, పొట్ట కనిపిస్తోందన్న సిగ్గు, రేపటి పనుల చింత, ఇవన్నీ బ్రేకు మీద కాలు. బ్రేకు తొక్కి ఉంచి యాక్సిలరేటరు ఎంత నొక్కినా బండి కదలదు. మీరు రాసిన పది నిమిషాలూ ఇంట్లో అందరూ నిద్రపోయాక, చప్పుడు కాకుండా, చెవులు తలుపు వైపే పెట్టి ప్రయత్నించిన పది నిమిషాలని మీ మాటల్లోనే తెలుస్తోంది. ఎవరూ రారని ఖాయంగా తెలిసిన అరగంట నుంచి ముప్పావు గంట దొరికే సమయం వారంలో రెండుసార్లు చూసుకోండి. ఫోన్ పక్కన పెట్టండి. మూత్రవిసర్జన చేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. గోళ్లు కత్తిరించుకుని ఉండాలి. పొడవాటి గోరు చేసే గాయం కంటికి కనిపించకపోయినా మంట రెండు మూడు రోజులు ఉంటుంది.

ఎప్పుడూ భావప్రాప్తి కలగని స్త్రీలకు స్వయంస్పర్శ ద్వారా దాన్ని నేర్పే చికిత్సాపద్ధతిని లోపిక్కోలో, లోబిట్జ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1972లో తొమ్మిది మెట్లుగా ప్రచురించారు. ఈ సమస్యకు ఇప్పటికీ అన్నిటికంటే ఎక్కువ ఆధారాలున్న చికిత్స ఇదే. నేను చెప్పేదంతా దానికి నా అనుభవం కలిపి చెబుతున్నదే. మొదటి రెండు మూడు సార్లు జననాంగాల జోలికి వెళ్లకుండా, మెడ, భుజాలు, రొమ్ములు, పొట్ట, తొడల లోపలి వైపు, ఇలా శరీరమంతా అరచేతితో తాకుతూ, ఏ స్పర్శ హాయిగా ఉంది, ఏది చక్కిలిగిలిగా ఉంది, ఏది అసలు తెలియడం లేదు అని గమనించండి. ఇది కాలం వృథా చేయడం అనిపిస్తుంది. కాని శరీరంలో రక్తప్రసరణ పెరిగి తడి ఊరడానికి ఈ సమయమే కావాలి. యోనిలో తడి గ్రంథుల నుంచి వచ్చేది కొద్దిగా మాత్రమే. చాలావరకు ఉద్రేకంలో రక్తనాళాలు ఉబ్బినప్పుడు యోనిగోడల గుండా చెమ్మలా ఊరుతుంది. రక్తం చేరకముందే వేలు పెడితే మీకు జరిగినట్టే జరుగుతుంది.

ఆ తరువాత యోనిశీర్షం దగ్గరికి రండి. మొదట నేరుగా కొనను తాకవద్దు. చాలామందికి అది కరెంటు షాకులా, చిరాకుగా అనిపిస్తుంది, ఇక్కడ సుఖం లేదని నిర్ణయించుకుని మానేస్తారు. లోదుస్తుల మీదుగానే అరచేతిని మొత్తం ఆనించి నెమ్మదిగా ఒత్తిడి పెట్టడంతో మొదలుపెట్టవచ్చు. తరువాత చూపుడువేలు, మధ్యవేలు రెండూ మడతకు అటూ ఇటూ ఉంచి, కొన వాటి మధ్యలో ఉండేలా, పైకీ కిందకీ కదపండి. మడతచర్మం మీదుగానే చిన్న వలయాలుగా తిప్పి చూడండి. పక్కలకు, అడ్డంగా, ఒక వైపు మాత్రమే, ఇలా మార్చి చూస్తే చాలామందికి ఎడమ వైపో కుడి వైపో ఒక చోట స్పర్శ ఎక్కువ తెలుస్తుంది. ఒత్తిడి, వేగం రెండూ వేరువేరు సంగతులు. కొందరికి గట్టి ఒత్తిడి, నెమ్మది కదలిక బాగుంటాయి. కొందరికి పైపైన తగిలే వేగమైన కదలిక బాగుంటుంది. చేతులు వాడకుండా, బోర్లా పడుకుని దిండుకు ఆనించి నడుము కదపడం, తొడలు దగ్గరగా బిగించి వదలడం, హ్యాండ్ షవర్ నీటిధార కొంచెం దూరం నుంచి పడనివ్వడం ఇవన్నీ స్త్రీలు వాడే మార్గాలే. నీటిధార విషయంలో ఒక్క జాగ్రత్త: దాన్ని యోనిలోపలికి ఎప్పుడూ పట్టకూడదు.

ఏ మార్గమైనా కావచ్చు, హాయిగా ఉన్న కదలిక దొరికితే దాన్ని మార్చకండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కాని నేను చూసినంతలో అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఉద్రేకం పెరుగుతుంటుంది, ఊపిరి వేగమవుతుంది, తొడలు బిగుసుకుంటాయి, ఒంట్లో వేడి పాకుతుంది. సరిగ్గా అప్పుడే "ఇదేమిటి, ఏదో అయిపోతోంది" అన్న బెదురుతో ఆపేస్తారు, లేదా ఇంకా తొందరగా రావాలని వేగం పెంచి లయ చెడగొట్టుకుంటారు. కొందరికి మూత్రం వచ్చేస్తుందేమో అన్న అనుభూతి కలిగి, భయపడి బిగపట్టేస్తారు. ముందే మూత్రవిసర్జన చేసి, కింద ఒక తువ్వాలు వేసుకుంటే ఆ భయాన్ని వదిలేయడం సులువు. ఊపిరి బిగపట్టకుండా పొట్ట నిండా తీసి నోటితో వదలండి. అప్పుడు శరీరం తన పని తాను చేస్తుంది. భావప్రాప్తి సమయంలో యోని, కటి కండరాలు దాదాపు 0.8 సెకన్లకు ఒకసారి చొప్పున కొన్నిసార్లు సంకోచిస్తాయి; ఇది అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1966లో నమోదు చేసిన అంకె. అది కొందరిలో ఒళ్లంతా కుదిపేసే అలలా ఉంటుంది, కొందరిలో ఒక మెత్తని తెరిపిలా, తుమ్ము వచ్చి తేలికపడినట్టు ఉంటుంది. సినిమాల్లో చూసినట్టు లేదని తమకు వచ్చింది భావప్రాప్తే కాదని అనుకున్నవారిని నేను చూశాను. బిగువు పెరిగి, ఒక స్థాయిలో తనంతట తాను విడిపోయి, ఆ వెంటనే యోనిశీర్షం తాకనివ్వనంత సున్నితంగా మారితే, మీకు కలిగింది అదే.

ఐదారు వారాల్లో రాకపోతే ఓడిపోయినట్టు కాదు. ఈరోజు వచ్చి తీరాలి అన్న పట్టుదల కూడా బ్రేకే. హాయిగా ఉన్నంతసేపు ఉండి, విసుగు రాకముందే ఆపేయడం మంచిది. చదవడం వల్ల, ఊహ వల్ల ఉద్రేకం కలిగితే వాడుకోండి. ఊహలో వచ్చినదంతా నిజజీవితంలో కోరుకుంటున్నట్టు కాదు. భర్త కాని మనిషి ఊహలోకి వచ్చాడని కన్నీళ్లు పెట్టుకున్న స్త్రీలకు నేను ఇదే మాట చెప్పాను.

యోనిలోపలి స్పర్శ మీకు ఇష్టమైతే, ఉద్రేకం బాగా పెరిగాక ప్రయత్నించండి. 1950లో ఎర్నెస్ట్ గ్రాఫెన్‌బర్గ్ అనే వైద్యుడు వర్ణించిన చోటు (జి-స్పాట్ అంటారు) యోని ముందుగోడ మీద, ద్వారం నుంచి కొద్ది సెంటీమీటర్ల లోపల, బొడ్డు వైపున ఉంటుంది. అది ప్రత్యేకమైన అవయవమని శవపరీక్షల్లో రుజువు కాలేదు. యోనిశీర్షం లోపలి భాగాలు, మూత్రనాళం చుట్టూ ఉన్న కణజాలం ఆ గోడకు దగ్గరగా ఉండడం వల్ల కొందరికి అక్కడ స్పర్శ తెలుస్తుంది. తెలియనివారు వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు.

లూబ్రికెంట్ (రాపిడి తగ్గించే జారుడు ద్రవం) వాడమని మాత్రం గట్టిగా చెబుతాను. తడి తక్కువగా ఉండడం ప్రతిసారీ ఉద్రేకం లేదనడానికి గుర్తు కాదు. పాలిచ్చే రోజుల్లో, ముట్లుడిగాక, అలర్జీకి వాడే కొన్ని మందుల వల్ల కూడా తడి తగ్గుతుంది. నీటి ఆధారంగా తయారైనవి కండోమ్‌కు, పరికరాలకు హాని చేయవు, కాకపోతే త్వరగా ఆరిపోతాయి. సిలికాన్ ఆధారితమైనవి ఎక్కువసేపు నిలుస్తాయి కాని సిలికాన్‌తో చేసిన పరికరాల ఉపరితలాన్ని పాడుచేస్తాయి. కొబ్బరినూనె లాంటి నూనెలు, వాజలిన్ లేటెక్స్ కండోమ్‌ను బలహీనం చేస్తాయి, కొందరిలో ఇన్ఫెక్షన్‌కు దారితీస్తాయి. ఆరోగ్యంగా ఉన్న యోనిలో పీహెచ్ (ఆమ్లగుణాన్ని కొలిచే అంకె) 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. కాబట్టి లేబుల్ మీద పీహెచ్ 4.5కు దగ్గరగా ఉన్నది చూసుకోండి. ఆస్మోలాలిటీ అనే మరో అంకె కూడా కొన్ని లేబుళ్లపై ఉంటుంది. అది 380కి లోపు ఉంటే మేలని, 1,200 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. అది మరీ ఎక్కువైతే యోని పొరల్లోని నీటిని లాగేసి కణాలను దెబ్బతీస్తుంది. పరిమళం, చల్లదనం, వేడి కలిగించేవని రాసి ఉన్న వాటిని వదిలేయండి. లోషన్లు, షాంపూ, సబ్బు నురగ అక్కడ వాడకూడదు. మీకు మంట వచ్చిన రోజు బాడీ లోషన్ వాడానని రాశారు, అది కూడా ఆ మంటకు ఒక కారణమే.

వైబ్రేటర్ వాడవచ్చు. మొదటిసారి భావప్రాప్తి కోసం ఎదురుచూస్తున్నవారికి చాలాసార్లు అది దారి చూపుతుంది, ఎందుకంటే చెయ్యి అలసిపోయే చోట కూడా లయ తప్పకుండా అది పనిచేస్తుంది. మొదట కొనుక్కునేది చిన్నదిగా, బయట మాత్రమే వాడేదిగా, వేగం తగ్గించుకునే వీలున్నదిగా ఉండాలి. తక్కువ వేగంతో, గుడ్డ మీదుగా, యోనిశీర్షానికి పక్కన ఆనించి మొదలుపెట్టండి. పైన సన్నని రంధ్రాలు లేని మెడికల్ గ్రేడ్ సిలికాన్, గట్టి ప్లాస్టిక్, స్టీలు మంచివి. జిగటగా, ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చేవి వద్దు. వాడిన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్లు, పరిమళం లేని సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. మలద్వారం దగ్గర తగిలిన వేలిని గాని, పరికరాన్ని గాని కడగకుండా యోని దగ్గరికి తేవద్దు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు, యోని ఇన్ఫెక్షన్లకు అది నేరుగా దారి. మలద్వారంలో వాడేదానికి అడుగున వెడల్పైన అంచు లేకపోతే లోపలికి జారిపోయి ఆస్పత్రికి రావలసి వస్తుంది. వైబ్రేటర్‌కు అలవాటైతే స్పర్శజ్ఞానం శాశ్వతంగా పోతుందన్న మాట నిజం కాదు. ఎక్కువసేపు వాడాక కలిగే తిమ్మిరి కొద్దిసేపట్లో తగ్గిపోతుంది. ఒకే పద్ధతికి శరీరం అలవాటు పడడం మాత్రం ఉంటుంది. అందుకని అప్పుడప్పుడు చేత్తో కూడా కొనసాగించండి.

కటి కండరాల వ్యాయామాల గురించి ఎక్కడో చదివి రోజుకు రెండువందల సార్లు బిగిస్తున్నానని రాశారు. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ ఈ వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చింది మూత్రం లీక్ అయ్యే స్త్రీల కోసం. బలహీనమైన కండరాలకు అది మేలు చేస్తుంది. కాని ఆందోళన ఉన్న చాలామందిలో ఆ కండరాలు ముందే బిగుసుకుని ఉంటాయి. వారికి కావలసింది వదలడం నేర్చుకోవడం. మీకు టాంపాన్ (నెలసరిలో యోనిలోపల పెట్టుకునే దూది చుట్ట) పెట్టుకోవడం కూడా కష్టమని రాశారు కాబట్టి ప్రస్తుతానికి బిగించడం ఆపి, మోకాళ్లు ఎత్తి పడుకుని, ఊపిరి పీల్చినప్పుడు కటి అడుగుభాగం కిందికి వాలుతున్నట్టు వదలడం అభ్యసించండి.

కొన్ని పరిస్థితుల్లో సొంత ప్రయత్నం సరిపోదు, వాటిని దాటవేయకూడదు. దిగులుకు, ఆందోళనకు ఇచ్చే ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్, పారాక్సెటిన్, ఎస్‌సిటలోప్రామ్ వంటి మందులు భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి, కొందరిలో పూర్తిగా ఆపేస్తాయి. అలాగని వాటిని సొంతంగా మానేయవద్దు. మోతాదు తగ్గించడానికో, మందు మార్చడానికో మార్గాలున్నాయి, ఆ మందు రాసిన డాక్టరుతోనే మాట్లాడండి. అదుపులో లేని మధుమేహం, వెన్నుపాము జబ్బులు, థైరాయిడ్ సమస్యలు కూడా చూడాలి. ముట్లుడిగాక ఈస్ట్రోజన్ తగ్గి పొర పలచబడితే యోనిలో వాడే ఈస్ట్రోజన్ క్రీము బాగా పనిచేస్తుంది. యోనిశీర్షం చుట్టూ చర్మం తెల్లబడి, దురద పెడుతూ, మడత అతుక్కుపోతుంటే అది లైకెన్ స్క్లీరోసస్ అనే చర్మవ్యాధి కావచ్చు, దానికి చికిత్స ఆలస్యం చేయకూడదు. వేలు కూడా వెళ్లనంత బిగువు, తాకితేనే మంట, సంభోగం తరువాత రక్తం, ఇవన్నీ చూపించుకోవలసినవే. గతంలో లైంగిక హింసను ఎదుర్కొన్నవారికి తమను తాము తాకడం కూడా ఆ జ్ఞాపకాలను లేపవచ్చు. అలా జరిగితే వెంటనే ఆపేసి, అనుభవం ఉన్న కౌన్సెలర్ సాయంతోనే ముందుకు వెళ్లాలి.

భర్తకు చెప్పాలా వద్దా అన్న మీ చివరి ప్రశ్నకు తొందర లేదు. ముందు మీకు తెలియనివ్వండి. ఏ ఒత్తిడి, ఏ వైపు, ఎంతసేపు అన్నది మీ చేతికి తెలిశాక, ఆ చేతిని ఆయన చేతిమీద ఉంచి చూపించడం మాటలకంటే తేలిక. ఎనిమిదేళ్లు నటించానని ఆయనతో చెప్పడానికి భయంగా ఉందని రాశారు. ఆ గతాన్ని తవ్వకుండానే "నాకు ఇలా బాగుంటుందని ఈమధ్యే తెలిసింది" అని మొదలుపెట్టవచ్చు, ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు.

మంట పూర్తిగా తగ్గే వరకు వారం రోజులు ఆగి, అద్దంతో మొదలుపెట్టండి. మూడు నెలలు ఇలా ప్రయత్నించాక కూడా ఏ మార్పూ లేకపోతే స్త్రీల వైద్యురాలి దగ్గరికి వెళ్లండి. వాడుతున్న మందుల జాబితా, నెలసరి తేదీలు, టాంపాన్ పెట్టుకోలేకపోతున్న సంగతి, ఏ స్పర్శకు హాయి కలిగింది, ఏ స్పర్శకు నొప్పి కలిగింది అన్నవి ఒక కాగితం మీద రాసుకుని, గదిలోకి అడుగుపెట్టగానే ఆ కాగితాన్ని ఆమె చేతికివ్వండి.